అసలును తినని సేద్యం

ఖైబర్‌లో తన వంతుకు వచ్చిన ఒక మేలైన భూమిని ఏం చేయాలో సలహా కోరుతూ హజ్రత్ ఉమర్ (రజి) దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వెళ్లిన ఉదంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అంతకన్నా విలువైన ఆస్తి తనకెన్నడూ దక్కలేదని ఆయన విన్నవించుకున్నారు. భూమి అసలును అలాగే నిలిపి ఉంచి, దాని ఫలసాయాన్ని దానం చేయవచ్చునని ప్రవక్త (సఅసం) సూచించారు. ఆ మాట ప్రకారమే ఆ భూమి అమ్మకానికి గాని, బహుమానానికి గాని, వారసత్వ పంపకానికి గాని లోను కాకుండా నిలిచింది. ఫలసాయం మాత్రం పేదలకు, బంధువులకు, బాటసారులకు, అతిథులకు అందింది. వక్ఫ్ గురించి మాట్లాడేటప్పుడు మన ఉలమాలు తరచుగా ప్రస్తావించే ఘటన ఇది.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. ఈ హదీసును చదివినప్పుడల్లా నా మనసు ఒక మాట దగ్గర ఆగిపోతుంది. అసలు అంటే ఏది? సర్వే నంబరూ హద్దురాళ్లూ ఉన్నంత మాత్రాన భూమి అసలు నిలిచినట్లేనా? నలభై ఏళ్ల క్రితం ఎకరమే, నేడూ ఎకరమే. కాని ఆనాడు పిడికిట పట్టుకుంటే ముద్దయిన మట్టి నేడు వేళ్ల సందుల నుంచి దుమ్ములా జారిపోతుంటే, అసలు నిలిచిందని ఏ నోటితో అనగలం? హద్దులు కదలకుండానే అసలు కరిగిపోవచ్చు. ఆ సంగతి నాకు పాఠ్యపుస్తకం కన్నా మా ఇంటి పంపకమే బాగా నేర్పింది.

ముందుగా శాస్త్రం చెప్పే మాట క్లుప్తంగా చెప్పుకుందాం. మొక్క తన ఆకులతో గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సూర్యరశ్మి సాయంతో చక్కెరలుగా మార్చుకుంటుంది. అందులో కొంత కాండమై, గింజై మన కంటికి కనిపిస్తుంది. మరికొంత వేళ్ల ద్వారా నేలలోకి దిగుతుంది. వేరు చుట్టూ కోట్లాది సూక్ష్మజీవులు ఆ చక్కెరలను తిని బతుకుతాయి. రాలిన ఆకు, చచ్చిన వేరు, పశువుల పేడ, ఆ సూక్ష్మజీవుల కళేబరాలు అన్నీ కుళ్లి, కొంత భాగం తిరిగి గాలిలో కలిసిపోతుంది. మిగిలినది మట్టి రేణువులను అంటిపెట్టుకొని ఏళ్ల తరబడి నిలుస్తుంది. మన్నుకు నలుపునూ మెత్తదనాన్నీ ఇచ్చి, వాన నీటిని పట్టి ఉంచే శక్తిని పెంచేది ఇదే. భూసార పరీక్ష పత్రంలో దీనినే సేంద్రియ కర్బనం అంటారు. మన దేశపు ప్రయోగశాలలు 0.5 శాతానికి తక్కువైతే అల్పమని, 0.75 శాతం వరకు మధ్యమమని, ఆపైన ఉంటే అధికమని లెక్కగడతాయి.

నూటికి అర భాగం అంటే అత్యల్పంగా తోస్తుంది. కాని భూగోళం మొత్తం మీద పైన ఒక మీటరు లోతు మట్టిలో సుమారు లక్షన్నర కోట్ల టన్నుల సేంద్రియ కర్బనం ఉందని శాస్త్రజ్ఞుల అంచనా. గాలిలో ఉన్న కర్బనాన్నీ, సమస్త వృక్షజాలంలో ఉన్నదానినీ కలిపినా అంత కాదు. మానవుడు నాగలి పట్టిన నాటి నుంచి ఇప్పటి వరకు నేలలు సుమారు 11,600 కోట్ల టన్నుల కర్బనాన్ని పోగొట్టుకున్నాయని 2017లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. పంట తీసుకుంటూ తిరిగి ఏమీ ఇవ్వకపోవడం, పదే పదే దున్నడం, మోళ్లను తగలబెట్టడం, వానకు మట్టి కొట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోవడం, ఇవన్నీ అందుకు కారణాలే. మానవుల చేజేతులా చేసిన పనుల వల్ల నేల మీదా నీటిలోనూ కల్లోలం ప్రబలిందని అర్రూమ్ సూరాలో అల్లాహ్ హెచ్చరించాడు. ఆ హెచ్చరిక పరిధిలోకి మన పొలం గట్టు రాదని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

ఇక మా ఇంటి సంగతి. మాది కర్నూలు జిల్లా పడమటి ప్రాంతం. వానలు తక్కువ, ఆశలు ఎక్కువ అయిన నేల. మా నాయనగారు కన్నుమూసేనాటికి ఎనిమిది ఎకరాల మెట్ట పొలం మిగిలింది. వారసులం మా అమ్మ, ముగ్గురు అన్నదమ్ములు, నేను. షరీఅత్ లెక్క పిల్లలకు కూడా నేర్పదగినంత స్పష్టంగా ఉంది. అమ్మకు ఎనిమిదో వంతు, అంటే ఒక ఎకరం. మిగిలిన ఏడు ఎకరాల్లో ఒక్కొక్క కొడుకుకు రెండు, కూతురుకు ఒకటి. ఆడపిల్ల వాటాను కట్నంలో జమ కట్టి, సంతకం పెట్టించుకుని సాగనంపే ఇళ్లు మన సమాజంలో ఎన్ని ఉన్నాయో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. మా అన్నలు ఆ పని చేయలేదు. నా ఎకరం నాకే ఇస్తామన్నారు. అల్హమ్దులిల్లాహ్.

అయితే ఏ ఎకరం? మా పొలం ఏటవాలుగా ఉంటుంది. కింద అయిదు ఎకరాలు పల్లపు చేను, పైన మూడు ఎకరాలు మెరక చేను. నాకు మెరకలోని పైకొసన ఒక ఎకరం చూపించారు. మిగిలిన మెరక భూమి ఇద్దరు అన్నదమ్ముల వాటాల్లో ఒక్కొక్క ఎకరంగా కలిసింది, వారి రెండో ఎకరం పల్లంలో ఉంది. నా వాటా మొత్తం మెరకే. "మెరకైనా, పల్లమైనా ఎకరమంటే ఎకరమే గదమ్మా" అన్నారు మా పెద్దన్న. అందులో మోసమేమీ లేదు. టేపు పెట్టి కొలిస్తే ఆ మాట నిజమే.

నేను వాదించలేదు. రెండు చేల మట్టినీ పరీక్షకు పంపుదామని మాత్రం అన్నాను. ఒక్కొక్క చేనులో అడ్డదిడ్డంగా నడుస్తూ పదేసి చోట్ల 'వి' ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, అంచు నుంచి పలుచగా మట్టి చెక్కి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసివేస్తూ, చివరకు అరకిలో మట్టిని నీడలో ఆరబెట్టి సంచిలో కట్టాం. ఈ పద్ధతి బడిలో పిల్లల చేత చేయిస్తుంటాను గనుక నాకు కొత్త కాదు. మా చిన్న తమ్ముడే సంచులు మోసుకెళ్లి ప్రయోగశాలలో ఇచ్చి వచ్చాడు. ఫలితాలు వచ్చాయి. పల్లపు చేనులో సేంద్రియ కర్బనం 0.61 శాతం. మెరక చేనులో 0.28.

ఎకరం నేలలో పైన జానెడు మందం మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. ఆ లెక్కన పల్లపు చేనులో ఎకరానికి అయిదున్నర టన్నుల కర్బనం ఉంటే, నా ఎకరంలో రెండున్నర టన్నులు. మూడు టన్నుల తేడా. ఈ కాగితాన్ని మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె బడికి పోయిన మనిషి కాదు. అయినా వెంటనే అర్థం చేసుకున్నది ఆమే. "మీ నాయన ఏటా ఎండాకాలంలో గొర్రెల మందను నిలిపింది పల్లంలోనే గదా. చెరువు మట్టి తోలింది ఆడికే. పైచేనుకు ఆయన చెయ్యి పడలేదు. వానొస్తే పైచేను మన్ను కూడా కిందికే పాయె" అన్నది. ప్రయోగశాల రెండు అంకెల్లో చెప్పినదాని వెనుక నలభై ఏళ్ల చరిత్రను ఆమె నాలుగు మాటల్లో చెప్పింది. మెరక చేను కోల్పోయినదే కొంత పల్లపు చేనుకు చేరింది. ఒకే తండ్రి భూమిలో ఒక భాగం మరొక భాగం చేత పోషింపబడింది.

అల్ బఖరా సూరాలో, చూపు కోసం చేసే దానాన్ని, పైన పలుచని మట్టిపొర ఉన్న నున్నని బండతో అల్లాహ్ పోల్చాడు. పెద్ద వాన కురిస్తే ఆ మట్టి కాస్తా కొట్టుకుపోయి బండ మాత్రమే మిగులుతుంది. ఈ ఉపమానాన్ని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాను. మా మెరక చేను పైకొసన నిలబడి, అక్కడక్కడా తేలిన తెల్లటి సుద్దరాయిని చూసినప్పుడు ఆ ఉపమానంలోని మొదటి సగం ఎంత కచ్చితమైన వ్యవసాయ సత్యమో తెలిసింది.

నేల నేలకు తేడా ఉందన్న సంగతి మన ధర్మశాస్త్రానికి కొత్త కాదు. ఉష్ర్ విషయమే చూడండి. వానకు, వాగుకు పండిన పంటలో పదో వంతు, శ్రమపడి నీరు తోడిన పంటలో ఇరవయ్యో వంతు అని హదీసు చెబుతోంది. ఎకరాల సంఖ్యను బట్టి కాక, నేల పరిస్థితిని, మనిషి శ్రమను బట్టి బాధ్యత మారింది. ప్రవక్త (సఅసం) కాలంలో కొందరు భూమిని కౌలుకిస్తూ కాలువ గట్ల వెంబడి పండేది తమకని, మిగతాది సాగుదారుకని ముందే విడదీసుకునేవారు. ఒకచోట పండి మరొకచోట ఎండిపోయేది. అటువంటి ఒప్పందాలను ఆయన నిషేధించారని రాఫె బిన్ ఖదీజ్ (రజి) తెలిపిన హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. ఒకే కొలత గల రెండు చేలు ఒకే విలువ గలవి కావు. పంపకంలో భాగాలు గుణంలో భిన్నమైనప్పుడు విస్తీర్ణంతో పాటు విలువను సమం చేయవలసి ఉంటుందని ఫిఖ్హ్ గ్రంథాలు చర్చించిన కారణం ఇదే.

మా పెద్దన్న ఆ రెండు కాగితాలనూ చాలాసేపు చూశారు. మరునాడు ఫజ్ర్ తరువాత ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని చేను చుట్టి వచ్చి, నా ఎకరానికి పాతిక సెంట్లు కలపాలని నిర్ణయించారు. ఆ పాతిక సెంట్లు తమ వాటాల నుంచి ముగ్గురూ సమంగా ఇచ్చారు. వాటిని నేను వదులుకుంటానన్నాను. మా అమ్మ ఒప్పుకోలేదు. "ఇచ్చేది వాళ్ల ధర్మం, తీసుకునేది నీ హక్కు. రెండూ కానీయండి" అన్నది. ఈనాటికీ ఆ పాతిక సెంట్లలో నడిచినప్పుడు నాకు భూమి కన్నా మా అన్నదమ్ముల మనసే ఎక్కువగా కనిపిస్తుంది.

హక్కు చేతికి వచ్చింది. ఇక బాధ్యత మొదలైంది. నేను ఉద్యోగంలో ఉన్నాను, సేద్యం చేయలేను. మా ప్రాంతపు ఆనవాయితీ ప్రకారం ఉగాది నుంచి ఉగాదికి నగదు కౌలుకు ఇచ్చారు. ఆ ఏడు పత్తి వేశారు. పంటయ్యాక మోళ్లన్నీ పీకి కుప్పవేసి నిప్పు పెట్టారు. పొగ చూసి వెళ్లి అడిగాను. మా కౌలు రైతు నా కన్నా పెద్దవాడు, ఆయనను మామా అని పిలుస్తాను. ఆయన చెప్పిన సమాధానం ఏ వ్యవసాయ శాస్త్ర గ్రంథంలోనూ నేను చదవలేదు. "టీచరమ్మా, వచ్చే ఉగాదికి ఈ చేను నాదో కాదో నాకే తెలీదు. ఇంక దానికి నేను ఎరువెందుకు తోలాల?"

ఆలోచించి చూస్తే నేల గురించిన అసలు చిక్కంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. కర్బనం మట్టిలో పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఈ ఏడు తోలిన ఎరువు ఫలం రెండో ఏడు, మూడో ఏడు కనబడుతుంది. మన రాష్ట్రంలో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే పత్రం గడువు 11 నెలలు. మట్టి ఏళ్ల లెక్కన బతుకుతుంది, కాగితం నెలల లెక్కన. ఏడాదికి అతడు వెళ్లిపోతాడని యజమాని నిశ్చింత, ఏడాదిలో పిండుకున్నదే తనదని కౌలుదారు తొందర. ఇద్దరి మధ్యా అసలు కరిగిపోతుంది. పట్నాల్లో స్థిరపడి, ఊళ్లో పొలం కౌలుకిచ్చిన మన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ప్రతి ఒక్కటీ తెలియకుండానే ఈ కరుగుదలలో భాగస్వామి.

ఖైబర్ కథకు మరొక భాగం ఉంది. ఆ భూములను ప్రవక్త (సఅసం) అక్కడి సాగుదారుల చేతిలోనే ఉంచి, పండినదాంట్లో సగపాలు అన్న ఒప్పందం చేశారు. ఆయన జీవితకాలమంతా, తరువాత హజ్రత్ అబూబకర్ (రజి) కాలంలోనూ అది కొనసాగింది. పాలు పద్ధతి మీద ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉన్నా, ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ దానిని సమ్మతించారు. మా ఊరి ఇమామ్ సాహెబ్‌ను అడిగి, షరతులు తెలుసుకుని, మామతో కొత్త ఒప్పందం రాసుకున్నాను. గడువు అయిదేళ్లు. నగదు కౌలుకు బదులు పంటలో మూడో వంతు నాది. మోళ్లు కాల్చరాదు. ఏటవాలుకు అడ్డంగా మట్టిగట్లు వేసే ఖర్చు, ఏటా మంద నిలిపే ఖర్చు చెరి సగం. చేను ఏడాదిలో వీలైనన్ని నెలలు పచ్చగా ఉండాలి.

ఈ చివరి షరతుకు మామ నవ్వారు. వానే లేకుంటే పచ్చదనం ఎక్కడిదన్నారు. అయితే మన రాష్ట్రంలోనే ప్రకృతి సేద్యం చేసే రైతులు వానలకు ముందే వేసవిలో పప్పుధాన్యాలు, చిరుధాన్యాలు, నూనెగింజలు కలిపిన నవధాన్యాలకు మట్టిపూత వేసి చల్లుతున్నారు. కొద్దిపాటి జల్లుకే మొలిచి నేలను కప్పుతాయి. వేరు బతికి ఉన్నంత కాలం నేలలోకి చక్కెర దిగుతూనే ఉంటుంది. మెత్త అన్నిటికన్నా ముఖ్యం. పత్తి కట్టెను ముక్కలు చేసి చేనులోనే పరిచాం. గట్ల మీద గ్లిరిసీడియా కొమ్మలు నాటాం. దాని ఆకు నరికి చేనులో వేస్తే మంచి పచ్చిరొట్ట. వేరుశనగ వేసిన ఏడు మాత్రం ఇబ్బంది వచ్చింది. ఆ మొక్కను వేరుతో సహా పీకి, కట్టెను పశువులకు మేపుతారు, నేలకు మిగిలేది ఏమీ ఉండదు. అందుకని కందిని సాళ్ల మధ్య వేశాం. కంది వేరు లోతుకు దిగుతుంది, ఆకు పుష్కలంగా రాలుస్తుంది.

నాలుగేళ్ల తరువాత అదే పద్ధతిలో మట్టి పరీక్ష చేయించాను. 0.39 వచ్చింది. మామ ఆ అంకెను పెద్దగా లెక్కచేయలేదు గాని, వాన పడినప్పుడు పైచేను నుంచి ఎర్రనీళ్లు కిందికి రావడం తగ్గిందని ఆయనే నాకు చూపించారు. ఈ పెరుగుదల అంతా గాలి నుంచి పట్టి తెచ్చినదని నేను చెప్పబోను. గొర్రెల ఎరువు ఎక్కడో మేసిన గడ్డి నుంచి వచ్చింది. తోలిన చెరువు మట్టి ఎవరి పొలాల నుంచో కొట్టుకొచ్చినది. అది ఒక చోటి కర్బనం మరొక చోటికి చేరడం. నా చేనుకు మేలే, కాని లోకపు ఖాతాలో కొత్త జమ కాదు. చేనులోనే మొలిచి, చేనులోనే కుళ్లి, నేలలో నిలిచినదే నిజమైన కొత్త జమ. ఈ తేడా తెలియకపోతే మనల్ని మనమే పొగడుకునే ప్రమాదం ఉంది.

ఆ నిజమైన జమ ఎంత నెమ్మదిగా పెరుగుతుందో పటాన్‌చెరు చెబుతుంది. హైదరాబాదు దగ్గరి ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రంలో 1976 నుంచి రెండు రకాల సేద్యాన్ని పక్కపక్కన నడిపి చూశారు. ఒకవైపు పాత పద్ధతి, అంటే నల్లరేగడిని వానకాలమంతా బీడుగా ఉంచి, ఆ తరువాత జొన్న గాని శనగ గాని వేయడం. మరోవైపు ఎత్తుమడులు, కాలువలతో నీటిని అదుపు చేసి, వానకాలంలోనే జొన్న, కంది కలిపి పండించి, తగిన ఎరువులు వేయడం. 24 ఏళ్ల తరువాత చూస్తే మెరుగైన పద్ధతిలో దిగుబడి దాదాపు అయిదు రెట్లు, మట్టిలో హెక్టారుకు 7.3 టన్నుల కర్బనం అదనం. అంటే ఎకరానికి సుమారు మూడు టన్నులు. కొలిచిన లోతులు వేరు గనుక మా చేలతో నేరుగా పోల్చలేను. అయినా మా రెండు చేల మధ్య తేడా కూడా మూడు టన్నులే కావడం నన్ను ఆలోచింపజేసింది. ఒక తండ్రి ఓపికగా నిలిపిన మందల విలువ అంతటిది.

ఇంకొక లెక్క కూడా చెప్పాలి. 24 ఏళ్లలో మూడు టన్నులంటే ఎకరానికి ఏడాదికి 120 కిలోల పైచిలుకు కర్బనం. వాయువుగా మార్చి లెక్కిస్తే సుమారు 450 కిలోలు. ఒక లీటరు పెట్రోలు మండితే 2.3 కిలోల వాయువు వెలువడుతుంది. అంటే ఒక ఎకరం ఏడాదంతా శ్రమించి దాచినది 200 లీటర్ల పెట్రోలుకు సమానం. లీటరుకు 50 కిలోమీటర్లు నడిచే మోటారు సైకిలు మీద పదివేల కిలోమీటర్ల ప్రయాణం. మా ఇంట్లో ఉన్న ఒక్క బండి పాపాన్ని మోయడానికే నా ఎకరం సరిపోతుంది. కార్లు, విమానాలు, కర్మాగారాలు తమ పొగను తగ్గించుకోకుండా పేద రైతు మట్టి మీద భారం వేస్తే ఆ మట్టి మోయలేదు. పైగా నేల కొన్ని దశాబ్దాల తరువాత నిండుతుంది, ఆపై పెద్దగా పెరగదు. శ్రద్ధ వదిలితే, రెండు మూడేళ్ల విచ్చలవిడి దుక్కితో, మంటలతో దాచినది తిరిగి గాలిలో కలుస్తుంది.

మూడేళ్ల క్రితం మా ఊరికి ఒక సంస్థ మనుషులు వచ్చారు. మట్టిలో పెరిగే కర్బనాన్ని క్రెడిట్లుగా లెక్కగట్టి అమ్మిపెడతామని, వచ్చినదాంట్లో భాగం ఇస్తామని ఒప్పంద పత్రాలు చూపించారు. ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. మన కేంద్ర వ్యవసాయ శాఖ కూడా 2024 జనవరిలో ఇటువంటి స్వచ్ఛంద విపణికి ఒక విధాన చట్రాన్ని విడుదల చేసింది గనుక ఈ ప్రశ్న ఇకముందు చాలా ఊళ్లకు వస్తుంది. నేను మూడు విషయాలు అడిగాను. దాచిన కర్బనం ఎన్నేళ్లు నిలిపి ఉంచాలి? కరువు వచ్చి తగ్గిపోతే బాధ్యత ఎవరిది? చెమటోడ్చేది కౌలు రైతు అయినప్పుడు సొమ్ము పట్టా ఉన్నవారికే ఎందుకు? తృప్తికరమైన జవాబు రాలేదు, నేను సంతకం పెట్టలేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ పథకంలో నేల కర్బనానికి 25 ఏళ్లు గాని, 100 ఏళ్లు గాని నిలిపే బాధ్యత రాసుకోవాలి. అంత కాలానికి నేను మాట ఇస్తే దానిని మోయవలసింది నా పిల్లలు, వారి పిల్లలు. చేతిలో లేనిదానిని అమ్మవద్దన్న హదీసు, అనిశ్చితితో కూడిన బేరాల గురించి మన ధర్మశాస్త్రం చేసిన హెచ్చరికలు నాకు గుర్తొచ్చాయి. ఇది ధర్మసమ్మతమా కాదా అని తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. పత్రాన్ని పూర్తిగా చదివించుకుని, ముఫ్తీ సాహెబులను సంప్రదించాకే ఎవరైనా సంతకం పెట్టాలని మాత్రం అంటాను.

సొమ్ము రాకపోతే ఈ శ్రమ ఎందుకని మా చిన్న తమ్ముడు అడిగాడు. దానికి 2024 నాటి గుల్బెంకియన్ పురస్కారం మంచి సమాధానం. ఆ ఏడు దానిని ముగ్గురు పంచుకున్నారు. ఒకటి మన ఆంధ్రప్రదేశ్‌లో లక్షలాది రైతులను, ముఖ్యంగా మహిళా సంఘాలను కలుపుకుని నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం. రెండోవారు మట్టి కర్బనం మీద జీవితాంతం పనిచేసిన శాస్త్రవేత్త రతన్ లాల్. మూడోది ఈజిప్టులోని సెకెమ్. డాక్టర్ ఇబ్రాహీం అబూలైష్ 1977లో కైరోకు ఈశాన్యాన ఎడారి ఇసుకలో దానిని ప్రారంభించారు. నీరు తెచ్చి, చెట్లు పెంచి, పశువుల ఎరువుతో కంపోస్టు చేసి, ఇసుకను మట్టిగా మార్చారు. నిర్జీవమైన నేలను సజీవం చేయడం దైవసూచన అని యాసీన్ సూరా చెబుతోంది. ఆ సూచనను కళ్లారా చూడాలంటే సెకెమ్ దాకా వెళ్లనక్కరలేదు, పొరుగున ప్రకృతి సేద్యం చేసే ఏ అక్క చేనుకు వెళ్లినా చాలు. ఆ అక్కలు క్రెడిట్ల కోసం ఆ పని మొదలుపెట్టలేదు. ఎరువుల ఖర్చు తగ్గి, వాన తప్పిన ఏడు కూడా నాలుగు గింజలు దక్కుతాయని మొదలుపెట్టారు. వాతావరణానికి జరిగే మేలు దానితో పాటు వచ్చే బర్కత్.

విశ్వాసి నాటిన మొక్కను, విత్తిన పైరును మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతనికి సదఖా అవుతుందని ప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. మట్టి అడుగున తినే ఆ కోట్లాది జీవులు కూడా అల్లాహ్ సృష్టే. వాటికి మెత్త పరచిన చేయి ప్రతిఫలం కోల్పోదని ఆశిస్తాను. ఇరాఖ్ భూములను సైనికులకు పంచకుండా, ఇంకా పుట్టని తరాలకు కూడా వాటా ఉండాలని హజ్రత్ ఉమర్ (రజి) నిలిపివేసిన సంగతి చరిత్రకెక్కింది. ఖైబర్‌లో నేర్చుకున్న పాఠాన్ని ఆయన ఒక సామ్రాజ్యానికి వర్తింపజేశారు. మనకు సామ్రాజ్యాలు లేవు. ఎకరమో, అరెకరమో ఉంది.

ఆ ఎకరం ఉన్న కుటుంబాలకు నా విన్నపం చిన్నది. పంపకానికి ముందు మట్టిని పరీక్షించండి, ముఖ్యంగా అక్కచెల్లెళ్లకు చూపించే ఎకరాన్ని. భూసార పత్రంలో సేంద్రియ కర్బనం ఎంతో చదివి, పట్టా కాగితాలతో పాటు దాచుకోండి. కౌలుకిస్తే ఏళ్ల గడువుతో, ఇద్దరికీ న్యాయమైన షరతులతో, సాక్షుల సమక్షంలో రాసి ఇవ్వండి. మోళ్లు కాలితే కాలుతున్నది మీ పిల్లల ఆస్తి అని గుర్తుంచుకోండి.

మామతో మా అయిదేళ్ల గడువు వచ్చే ఉగాదితో తీరుతుంది. ఈసారి పదేళ్లకు రాసివ్వమని ఆయనే అడిగారు. పైకొసన సుద్దరాయి తేలిన చోట తన కొడుకుతో కలిసి రాతికట్ట వేస్తారట. కట్ట నిండి మట్టి నిలవడానికి ఎన్ని వానలు పట్టినా పరవాలేదన్నారు. పత్రంలో మా ఇద్దరి వారసుల పేర్లు కూడా చేర్పించాలని, ఇన్షా అల్లాహ్, నేను నిశ్చయించుకున్నాను.